బైకు వెనక షాక్ అబ్జార్బర్ బోల్టు పట్టేస్తే: విప్పే పద్ధతి, జాగ్రత్తలు

బైకు వెనక చక్రం దగ్గర షాక్ అబ్జార్బర్‌నీ, స్వింగ్ ఆర్మ్‌నీ పట్టుకుని ఉండే బోల్టులు ఏళ్ల తరబడి విప్పకపోతే తుప్పు పట్టి లోపలే బిగుసుకుపోతాయి. షెడ్డులో దీన్ని "బోల్టు పట్టేసింది", "జామ్ అయిపోయింది" అంటారు. మన ఇళ్లలో "జంగు పట్టింది" అంటారు. పేరేదైనా సంగతి ఒకటే. పానా వేసి లాగితే కదలదు. ఇంకొంచెం లాగితే తల అరిగి గుండ్రమవుతుంది. కోపంతో లాగితే విరిగిపోతుంది.

ఇది చిన్న విషయం కాదు. వెనక కూర్చున్న అమ్మ బరువు, మధ్యలో ఇరుక్కున్న పిల్లల బరువు, సంతకు తీసుకెళ్లే బట్టల మూటల బరువు అన్నీ చివరికి ఈ మూడు నాలుగు బోల్టుల మీదే పడతాయి. బోల్టును తప్పుగా విప్పినా, విప్పాక ఏదో ఒక బోల్టు వేసి బిగించినా ప్రమాదం రోడ్డు మీద బయటపడుతుంది. అందుకే ఎలా విప్పాలి, ఎక్కడ ఆపేసి మెకానిక్ దగ్గరికి వెళ్లాలి అనే రెండూ తెలిసి ఉండాలి.

సామర్లకోట వైపు ఈ బాధ ఎందుకు ఎక్కువ

ఇనుము తుప్పు పట్టాలంటే గాలి, నీరు కావాలి. ఉప్పు తోడైతే ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. మన ప్రాంతంలో మూడూ ఉన్నాయి. సామర్లకోట నుంచి కాకినాడ దగ్గరే, అక్కడి నుంచి సముద్రం ఇంకా దగ్గర. ఉప్పాడ బీచ్ రోడ్డు మీద అలలు లేచినప్పుడు ఉప్పునీళ్లు నేరుగా బండి మీదే పడతాయి. చీరల వ్యాపారానికో, చేపలకో ఆ రోడ్డున రోజూ తిరిగే బండికి ఏడాదిలోనే కింది బోల్టుల మీద ఎర్రటి పొర కనిపిస్తుంది.

దానికి తోడు డెల్టా బురద. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల వానలు. కాలవ గట్ల మీద, పొలాల దారుల్లో ఎగిరిన బురద స్వింగ్ ఆర్మ్ సందుల్లో చేరి రోజుల తరబడి తడిగానే ఉంటుంది. నీళ్లు నిలిచిన రోడ్డులో బండి నడిపితే పివట్ దాకా నీళ్లు వెళ్తాయి. వాటర్ సర్వీసింగులో ప్రెషర్ గొట్టాన్ని నేరుగా బుష్‌ల మీదకి పెట్టినా అంతే, లోపలి గ్రీజు కొట్టుకుపోయి దాని చోట్లో నీళ్లు చేరతాయి.

తుప్పు గురించి ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఇనుము తుప్పుగా మారితే ముందున్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. బోల్టుకీ, దాని చుట్టూ ఉన్న గొట్టానికీ మధ్య వెంట్రుకవాసి సందే ఉంటుంది. ఆ సందులో తుప్పు ఉబ్బితే మేకు దిగేసినట్టే. అందుకే ఒట్టి చేతిబలంతో అది రాదు.

ఏ బోల్టులు పట్టేస్తాయి

స్ప్లెండర్ లాంటి రెండు షాక్ అబ్జార్బర్ల బళ్లలో ఒక్కో షాక్‌కు పైన ఒకటి, కింద ఒకటి బిగింపు ఉంటుంది. చాలా మోడళ్లలో పైన ఫ్రేముకు అతికించిన స్టడ్డు మీద టోపీ నట్టు వస్తుంది. కింద స్వింగ్ ఆర్మ్‌లోకి బోల్టు వెళ్తుంది. రెండు చోట్లా షాక్ కన్నులో రబ్బరు బుష్, దాని మధ్యలో సన్నని ఇనప గొట్టం ఉంటాయి. బోల్టు ఆ గొట్టంలోంచి దూరుతుంది.

ఒకే షాక్ ఉన్న మోనోషాక్ బళ్లలో సీటు కింద పై బోల్టు, కింద స్వింగ్ ఆర్మ్ దగ్గర ఇంకొకటి ఉంటాయి. వీటికి బురద తక్కువ తగిలినా చెయ్యి పెట్టే చోటు తక్కువ.

అన్నిటికంటే మొండిది పివట్ బోల్టు. స్వింగ్ ఆర్మ్ మొత్తాన్ని ఫ్రేముకు కలిపే పొడవాటి రాడ్డు లాంటి బోల్టు ఇది. ఒక వైపు తల, ఇంకో వైపు నట్టు ఉంటాయి. మధ్యలో అడుగంత పొడవు బుష్ గొట్టాల గుండా వెళ్తుంది. అంత పొడవునా తుప్పు పట్టే వీలుంది.

ముందు రోగం ఏదో తెలుసుకోవాలి

బోల్టు పట్టేయడం రెండు రకాలు. మందు వేరు కాబట్టి ముందు తేడా చూసుకోవాలి.

మొదటిది, మరల దగ్గర పట్టేయడం. నట్టుగానీ బోల్టు తలగానీ అసలు తిరగదు.

రెండోది, ఒంటి దగ్గర పట్టేయడం. నట్టు వచ్చేస్తుంది, బోల్టు తల కూడా కొద్దిగా తిరుగుతుంది, కానీ బయటికి రాదు. తల తిప్పినప్పుడు రబ్బరు బుష్ కూడా దాంతో పాటు మెలితిరిగి, వదిలేయగానే వెనక్కి వస్తుంటే బోల్టూ లోపలి గొట్టమూ ఒకటైపోయాయన్న మాట. ఇక్కడ పానాతో ఎంత తిప్పినా లాభం లేదు. బోల్టును దాని పొడవునా బయటికి నెట్టాలి.

కావలసినవి

సరైన సైజు ఆరు పలకల సాకెట్, పొడుగు హ్యాండిల్, మంచి రింగ్ పానా, సుత్తి, ఇత్తడి లేదా రాగి కడ్డీ ముక్క, వైరు బ్రష్, తుప్పు వదిలించే స్ప్రే, చెక్క దిమ్మలు రెండు మూడు, గ్రీజు, గుడ్డలు, కళ్లద్దాలు, చేతి తొడుగులు. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే దొరక్కపోతే చాలామంది డీజిల్ వాడతారు. అదీ పనిచేస్తుంది, కాకపోతే ఎక్కువ సమయం పడుతుంది. పెట్రోలు మాత్రం వాడకండి. లోపలికి దిగే లోపే ఆవిరైపోతుంది, నిప్పు భయం ఎక్కువ.

పన్నెండు పలకల రింగు పానా తుప్పు పట్టిన తలను సులువుగా గుండ్రం చేస్తుంది. ఆరు పలకల సాకెట్ పలకల మీద నిండుగా పట్టుకుంటుంది. ఒక్క సాకెట్ కొనుక్కుంటే సగం తలనొప్పి తగ్గినట్టే.

బండిని సిద్ధం చేయడం

సమతలంగా ఉన్న చోట సెంటర్ స్టాండ్ వేయండి. ముందు చక్రం కదలకుండా ఇటుకలు పెట్టండి. సైడ్ స్టాండ్ మీద ఈ పని అసలు చేయొద్దు. సుత్తి దెబ్బకు బండి మీద పడుతుంది.

స్టాండ్ వేశాక వెనక చక్రం గాల్లో వేలాడుతుంది. దాని బరువంతా షాక్ బోల్టుల మీద ఉంటుంది. టైరు కింద చెక్క దిమ్మ పెట్టి, చక్రాన్ని కొద్దిగా పైకెత్తి ఆ బరువు తీసేయండి. బోల్టు మీద బరువుంటే తుప్పు లేకపోయినా రాదు. దిమ్మను కొద్దిగా పైకి కిందకి జరుపుతూ చూస్తే ఒక చోట బోల్టు తేలికవుతుంది. రెండు షాక్‌ల బండిలో ఒకసారి ఒక వైపే విప్పండి. రెండో వైపు షాక్ స్వింగ్ ఆర్మ్‌ను పట్టుకుని ఉంటుంది.

సైలెన్సర్ వేడిగా ఉంటే చల్లారనివ్వండి. పిల్లల్ని దూరంగా ఉంచండి.

విప్పే వరుస

ఒకటి, శుభ్రం చేయడం. వైరు బ్రష్‌తో మట్టి, పెళుసు తుప్పు గీకేయండి. బోల్టు చివర బయటికి వచ్చిన మరలను కూడా గీకాలి. అక్కడ తుప్పు ఉంటే నట్టు సగం వచ్చి మళ్లీ పట్టేస్తుంది.

రెండు, స్ప్రే కొట్టి ఆగడం. బోల్టుకు రెండు వైపులా స్ప్రే కొట్టి, తల మీద సుత్తితో చిన్నగా పది ఇరవై సార్లు తట్టండి. ఆ అదురుకు తుప్పులో సన్నని పగుళ్లు పడి నూనె లోపలికి దిగుతుంది. గంటకోసారి ఇలాగే చేసి రాత్రంతా వదిలేయండి. ఇషా తర్వాత కొట్టి వదిలేస్తే పొద్దున ఫజర్ అయ్యాక చూడొచ్చు. పని చెడేది ఎక్కువగా ఇక్కడే, ఆగలేకపోవడం వల్ల. సబర్ చేసినవాడికే బోల్టు దక్కుతుంది.

ఒక జాగ్రత్త. స్ప్రే గానీ డీజిల్ గానీ బ్రేక్ డ్రమ్ములోకి, డిస్క్ మీదికి పోకూడదు. ఒక్క చుక్క బ్రేక్ లైనర్‌కు అంటినా బ్రేకు జారుతుంది. ముందే గుడ్డ అడ్డం పెట్టండి. రబ్బరు బుష్ మీద పడింది తుడిచేయండి. నూనెకు రబ్బరు ఉబ్బిపోతుంది.

మూడు, ముందు బిగించి తర్వాత విప్పడం. సాకెట్ నిండుగా కూర్చోబెట్టి, బిగుతు వైపు వెంట్రుకవాసి తిప్పడానికి చూడండి. తుప్పు పట్టు ఒకసారి విరిగితే చాలు. తర్వాత వదులు వైపు లాగండి. కొద్దిగా వస్తే ఆపి, మళ్లీ బిగించి, స్ప్రే కొట్టి, మళ్లీ విప్పండి. ఇలా ముందుకూ వెనక్కూ చేస్తూ తీసుకురావాలి. ఒకే దిక్కులో బలవంతంగా లాగితే తుప్పు పొడి మరల్లో ఇరుక్కుని మళ్లీ పట్టేస్తుంది.

నాలుగు, పైపు వాడేటప్పుడు లెక్క. 30 సెంటీమీటర్ల పానా చివర 13, 14 కిలోల బలం పెడితే బోల్టు మీద సుమారు 40 న్యూటన్ మీటర్ల తిప్పుడు పడుతుంది. అదే పానాకు పైపు తొడిగి 90 సెంటీమీటర్లు చేస్తే అంతే బలానికి మూడు రెట్లు పడుతుంది. పైపు మీద కాలు వేసి తొక్కితే ఎంత పడుతుందో ఊహించండి. తుప్పు వదలకముందే బోల్టు మెడ తెగుతుంది. పైపు వాడాల్సి వస్తే మెల్లగా, ఒకే తీరుగా లాగండి. పానా స్ప్రింగులా వంగుతూ బోల్టు కదలకపోతే ఆపేయండి. వేడికో వెల్డింగుకో వేళయిందన్న మాట.

ఐదు, ఒంటి దగ్గర పట్టేసినదాన్ని నెట్టడం. నట్టును పూర్తిగా తీసేయకండి. బోల్టు చివరతో సమానంగా ఉండేటట్టు నట్టును మళ్లీ ఎక్కించి, ఇత్తడి కడ్డీ ఆనించి సుత్తితో కొట్టండి. దెబ్బ నట్టు మీద పడుతుంది, మరలు పుట్టగొడుగులా విచ్చుకోవు. కదిలాక నట్టు తీసి, బోల్టు కంటే సన్నని కడ్డీతో మిగతాది నెట్టేయండి. కొడుతున్నంత సేపూ ఇంకొకరు తల వైపు పానాతో అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకా మంచిది.

సుత్తికి లొంగకపోతే సి-క్లాంపు వాడొచ్చు. తల వైపు ఒక పెద్ద సాకెట్‌ను ఖాళీగా ఆనించండి, బోల్టు తల దాంట్లోకి దూరాలి. రెండో వైపు క్లాంపు మరను బోల్టు చివర ఆనించి బిగించండి. బిగువుగా ఉండగా సుత్తితో ఒక దెబ్బ వేస్తే చాలాసార్లు టక్కుమని వదులుతుంది.

వేడి పెట్టడం: ఎక్కడ మంచిది, ఎక్కడ ముప్పు

ఇనుము వేడికి వ్యాకోచిస్తుంది. 10 మిల్లీమీటర్ల ఇనప రంధ్రాన్ని 100 డిగ్రీలు వేడి చేస్తే సుమారు 0.012 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అల్యూమినియం అయితే దాదాపు రెండింతలు. అంకె చిన్నదే గానీ తుప్పు పట్టు విరగడానికి అది సరిపోతుంది. అందుకే వేడి నట్టు మీద, చుట్టూ ఉన్న లోహం మీద పెట్టాలి, బోల్టు మీద కాదు. వేడిగా ఉండగా కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి మరల్లోకి దిగుతుంది, నూనెలా పనిచేస్తుంది.

కానీ షాక్ అబ్జార్బర్ దగ్గర వేడి చాలా ప్రమాదం. లోపల నూనె ఉంటుంది. పల్సర్ నైట్రాక్స్ లాంటి వాటిలో ఒత్తిడితో నింపిన నైట్రోజన్ గ్యాసు కూడా ఉంటుంది. షాక్ మీద గ్యాసు మంట పెడితే పేలే అవకాశం ఉంది. రబ్బరు బుష్ కాలితే విషపు పొగ వస్తుంది. పెట్రోలు ట్యాంకు అడుగు దూరంలోనే ఉంటుంది. ముందు కొట్టిన స్ప్రే అంటుకుంటుంది. కాబట్టి ఇంట్లో హాట్ ఎయిర్ గన్ దాకా మాత్రమే, అదీ స్ప్రే తుడిచేశాక, షాక్‌కు తగలకుండా, నట్టు వరకే. గ్యాసు మంట కావాలంటే షెడ్డుకే వెళ్లండి.

తల గుండ్రమైపోతే, బోల్టు విరిగితే

తల అరిగితే ముందు ఆకురాయితో రెండు పక్కలా సమానంగా రాసి ఒక సైజు తక్కువ పానా పట్టేటట్టు చేయొచ్చు. లేదా కొంచెం బిగువైన సాకెట్‌ను సుత్తితో దిగ్గొట్టి తిప్పొచ్చు. ఇవేవీ కాకపోతే అరిగిన తల మీద కొత్త నట్టు పెట్టి వెల్డింగు చేయించడమే మంచి దారి. పట్టుకోవడానికి కొత్త తల దొరుకుతుంది. వెల్డింగు వేడికి తుప్పు పట్టు కూడా వదులుతుంది.

వెల్డింగుకు ముందు బ్యాటరీ వైర్లు రెండూ తీసేయాలి, నెగెటివ్‌ది ముందు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బళ్లలో ఎక్కువ వాటికి ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఉంటుంది. వెల్డింగు కరెంటు దాన్ని కాల్చేస్తే బోల్టు ఖర్చు కంటే ఎన్నో రెట్లు పోతుంది. "ఉస్తాద్, ముందు బ్యాటరీ తియ్యండి" అని మనమే గుర్తు చేయాలి.

బోల్టు లోపలే విరిగితే నడిమధ్య పంచ్ గుర్తు పెట్టి, సన్నని డ్రిల్లుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. ఎడమ వైపు తిరిగే డ్రిల్లు బిట్టు ఉంటే తొలిచేటప్పుడే ముక్క బయటికి రావచ్చు. ఎక్స్‌ట్రాక్టర్ వాడేవాళ్లు జాగ్రత్త. అది చాలా గట్టి ఉక్కు. లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాన్ని తొలవలేదు. ఫ్రేము మీది పై స్టడ్డు విరిగితే ఇంట్లో ప్రయత్నం చేయకుండా లేత్ వర్క్స్‌కు తీసుకెళ్లడం మేలు. రంధ్రం పక్కకు పోతే షాక్ వంకరగా కూర్చుంటుంది.

పివట్ బోల్టు దేనికీ లొంగకపోతే చివరి దారి కొయ్యడం. చక్రం, చైను, బ్రేక్ రాడ్డు, షాక్‌లు తీసి, ఫ్రేముకూ స్వింగ్ ఆర్మ్‌కూ మధ్య సందులోంచి హ్యాక్సా బ్లేడుతో రెండు పక్కలా కోస్తారు. తర్వాత ముక్కలు, బుష్‌లు ప్రెస్సు మీద నెట్టించి కొత్తవి వేస్తారు. ఫ్రేముకు బ్లేడు తగలకూడదు. ఇది చెయ్యి తిరిగిన మెకానిక్ పని.

మళ్లీ బిగించేటప్పుడు

పాత బోల్టు ఒంటి మీద గుంటలు పడితే, మరలు అరిగితే, కొంచెం వంగినా మళ్లీ వేయకండి. కొత్తది కొనేటప్పుడు సైజు ఒక్కటే చూస్తే చాలదు. బోల్టు తల మీద 8.8 లాంటి అంకె ఉంటుంది. మొదటి 8 అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల దాకా తెగని బలం. రెండో 8 అంటే అందులో 80 శాతం దాకా, అంటే 640 దాకా శాశ్వతంగా సాగిపోదని. గేట్లకు, కిటికీలకు వాడే 4.6 రకం 240 దగ్గరే సాగిపోతుంది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. షాక్ కింద గేటు బోల్టు వేస్తే గుంతలో పడిన రోజు తెలుస్తుంది. కంపెనీ బోల్టే అడగండి. షెడ్డులో చేయిస్తే పాత బోల్టు చూపించమనండి, కొత్తదాని తల మీద అంకె చూడండి. అడగడం మన హక్కు, మంచి ఉస్తాద్ ఎవరూ దానికి కోపగించుకోరు.

రంధ్రాన్ని, లోపలి గొట్టాన్ని వైరు బ్రష్‌తో శుభ్రం చేసి బోల్టు ఒంటికి గ్రీజు పలచగా పూయండి. మరల మీద మాత్రం ముద్దలుగా పెట్టొద్దు. జారుడు ఎక్కువై లెక్కకు మించి బిగుస్తుంది. బిగుతు ఎంత ఉండాలో మీ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది, టార్క్ పానా ఉన్న షెడ్డులో బిగించుకోండి. చక్రం నేల మీద ఆని, బండి మామూలు ఎత్తులో ఉన్నప్పుడే చివరి బిగుతు ఇవ్వాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్ ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. లాక్ నట్టు, స్ప్లిట్ పిన్ను ఉంటే కొత్తవి వేయండి.

తర్వాత చైను బిగువు, చక్రం సూటి, బ్రేకు చూసుకోండి. ఇంటి ముందు ఖాళీగా ఒక చుట్టు తిరిగి, బ్రేకు పట్టాకే ఇంట్లోవాళ్లను ఎక్కించుకోండి. 100 కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మరోసారి పానాతో సరిచూడండి.

మళ్లీ పట్టేయకుండా

ఏడాదికోసారి, వానాకాలం ముందు అంటే మే నెలలో, షాక్ బోల్టులు, పివట్ బోల్టు తీసి గ్రీజు పెట్టించండి. ఉప్పాడ, కాకినాడ సముద్రం వైపు రోజూ తిరిగే బండికి ఆరు నెలలకోసారి. ఉప్పునీళ్లు తగిలిన రోజు సాయంత్రమే మంచినీళ్లతో మెల్లగా కడిగి తుడవండి. సర్వీసింగులో ప్రెషర్ గొట్టం బుష్‌ల మీద పెట్టొద్దని చెప్పండి. బండిని నీళ్లు నిలిచిన చోట, తడి మట్టి మీద రోజుల తరబడి ఉంచకండి.

నెలకోసారి సెంటర్ స్టాండ్ వేసి, చక్రం వెనక అంచు పట్టుకుని పక్కలకు ఊపి చూడండి. టకటక శబ్దం వచ్చినా, చేతికి సందు తెలిసినా బుష్‌లు అరిగినట్టే. మలుపుల్లో బండి వెనక భాగం ఊగుతున్నట్టు అనిపించినా అదే గుర్తు. అలాంటి బండి మీద కుటుంబాన్ని ఎక్కించుకుని ఏడీబీ రోడ్డు లారీల మధ్యకి వెళ్లకండి. ముందు షెడ్డుకు తీసుకెళ్లి చూపించండి.